నిమ్మళంగా ఒక ఊపిరి

తారాబాయికి తొమ్మిదేళ్ళుగా మలబద్ధకం. ముంబై కామాఠిపురలో ఆమె ఉండే చాల్ అనే పాత అద్దె బిల్డింగులో అంతస్తుకు పద్దెనిమిది ఒంటిగది ఖోలీలు, ఆడవాళ్ళందరికీ రెండే సండాసులు, ఉమ్మడి మరుగుదొడ్లు. చూసిన ప్రతి డాక్టరూ విరేచనాల పొడి రాసిచ్చి, నీళ్ళు బాగా తాగమని పంపేశాడు. ఒకనాటి పొద్దున సండాసులో ఊపిరి బిగబట్టి ముక్కుతుండగా ఆమెకు కళ్ళు తిరిగాయి. గొళ్ళెం లేని తలుపు తోసుకుని వరండాలో పడింది. వరసలో నిలబడ్డవాళ్ళంతా చూశారు.

కోడలు సారిక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ అయ్యాక, పేగుల్లో జబ్బేమీ లేదని తేల్చి, ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ పనిచేసే మనాలిదీ వీళ్ళలాగే ముంబై తెలుగు ఇల్లే. ఆమె తారాబాయి పక్కటెముకల కింద చెయ్యి పెట్టి ఊపిరి పీల్చమంది. భుజాలు లేచాయి గాని పొట్ట కదల్లేదు.

"మౌసీ, ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ అని పెద్ద కండ ఉంటది. గాలి పీలిస్తే కిందికి దిగి పేగుల మీద మెల్లగ ఒత్తుతది, విడిస్తే పైకి పోతది. మీరు పొట్ట బిగబట్టి దాన్ని దిగనిస్తలేరు. కూసున్నప్పుడు ముక్కొద్దు. పొట్ట వదులు చేసి, నిమ్మళంగ ఊపిరి తీస్కోండి."

తారాబాయికి ఒళ్ళు మండింది. "నిమ్మళంగనా? ఒక చెయ్యి తలుపు మీద, ఇంకో చెయ్యి ముక్కు మీద. రెండు నిమిషాలు గాకముందే బయటినుంచి దబదబ బాదుతరు. గా కంపుల ఊపిరెట్ల తీస్కోను? యాడ కూసుంటవని ఏ డాక్టరన్న అడిగిండా నన్ను?"

మనాలి తను రాసిస్తున్న చీటీలో వ్యాయామాల కింద ఇంకో మాట రాసింది: తలుపుకు గొళ్ళెం, తొందరపెట్టని పది నిమిషాలు.

తారాబాయి ఆ చీటీతో తిన్నగా చాల్ కమిటీ సెక్రటరీ శైలేష్ ఇంటికి వెళ్ళింది. అతను చదివి నవ్వాడు. "కొత్తది కట్టనీకి బిల్డింగే కూలగొడ్తరు గద మౌసీ. ఇప్పుడు తలుపుకు కడీ ఎందుకు?"

"ఏడేండ్ల సంది గదే మాట! బిల్డింగ్ పడేదాంక మేం ఊపిరాపుకొని కూసోవాల్నా? నువ్వు ఇంట్లనే సండాస్ కట్టుకున్నవ్, నీకేం తెల్సు?"

ఆమె గొంతు విని ఆడవాళ్ళు బయటికొచ్చారు. రత్నాబాయి సాయంత్రం నుంచి నీళ్ళే ముట్టదట. శిరీష ఆఫీసు చేరేదాకా ఆపుకుంటుందట. ఒక్కొక్కరూ చెబుతుంటే శైలేష్ నవ్వు పోయింది. మర్నాటికల్లా వడ్రంగి నారాయణ రెండు తలుపులకూ గొళ్ళేలు బిగించాడు. సండాసులు కడిగే మనిషిని రోజూ రప్పించడానికి మాత్రం ఇంకో రెండు గొడవలు పడాల్సి వచ్చింది.

గొళ్ళెం పెట్టుకుని నిమ్మళంగా ఊపిరి తీస్తూ కూర్చోవడం అలవాటై, నెల తిరిగేసరికి తారాబాయి రోజూ వేసుకునే పొడి వారానికోసారికి తగ్గింది. కోపం తగ్గలేదు. ఆ ఆదివారం, సండాసులకింకా గొళ్ళేలు లేని పై అంతస్తు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ శైలేష్ తలుపు తట్టింది.