నీలి ముడి మీద ప్రమాణం

సముద్రం గురించి నేను చెప్పిన కథలన్నీ నిజమైతే ఈపాటికి బంగాళాఖాతంలో ఒక్క చేప కూడా మిగిలేది కాదు. అన్నీ నేనే పట్టేసి ఉందును. మా పేట బడిలో ఐదో తరగతి దాకా చదివాను. లెక్కలు రాలేదు గానీ ఉన్నదానికి నాలుగింతలు చెప్పడం మాత్రం బాగా వచ్చింది. అలాంటి నన్ను విజయనగరంలో ఒక లాయరమ్మ నోటరీ ముందు నిలబెట్టి నిజం చెప్పించింది. మా దాలమ్మ వదిన కోసం చెప్పాను. ఇంకెవరి కోసమైనా అయితే చెప్పేవాణ్ణి కాను.

వదిన ఎండుచేపల మనిషి. మా ఒడ్డున అందరూ నెత్తళ్ళని ఇసక మీదే ఆరబోస్తారు. వదిన మాత్రం సరుగుడు కర్రలకి పాత వల బిగించి దాని మీద ఆరబెడుతుంది. ఎండాక ప్రతి గంపలోంచీ నాలుగు చేపలు తీసి నోట్లో వేసుకుని కరకరా నములుతుంది. పంటి కింద ఇసక తగిలిందా, ఆ గంప పక్కకి పోతుంది. తగల్లేదా, గంప అంచుకి నీలం నైలాన్ దారంతో ఒక ముడి పడుతుంది. పైకి రెండు చెవులు, కిందికి ఒక పొడుగు తోక. బస్సు మీద నలభై గంపలున్నా దించేవాడికి ఆవిడ గంప వెతుక్కునే పని లేదు. సంతలో ఆడవాళ్ళు చేపని చూడరు, ముడిని చూసి కొంటారు.

హుద్‌హుద్ తుపాను వెళ్ళాక వదిన మనవరాలు హేమ గంపల్ని ప్యాకెట్లలోకి మార్చింది. ప్యాకెట్టు మీద అదే ముడి బొమ్మ, కింద 'నీలిముడి' అని పేరు. ఏడాది తిరక్కుండానే అదే బొమ్మతో ఇంకొకడి ప్యాకెట్లు దిగాయి. వాడి పేరు రాయను, రాస్తే అదీ ప్రచారమే. ఒకరోజు నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒకావిడ ప్యాకెట్టు తెచ్చి వదిన ముందు పడేసింది.

"ఏటమ్మా, నీ పళ్ళన్నీ ఊడిపోనాయేటి? ఇసకంతా మాకే అమ్ముతన్నావు!"

వదిన ప్యాకెట్టు చింపి ఒక నెత్తలి నమిలింది. ఉమ్మేసింది.

"నాది కాదమ్మా," అంది. "ముడి నాదే. సేప నాది కాదు."

ఆ సాయంత్రం హేమతో అంది: "ఇరవయ్యేళ్ళు నమిలి కట్టినాను ఆ ముడి. ఇసక సేపలకి నా ముడి ఉంటే నాను బతికుండీ లేనట్టే. ఏటి సేత్తావో సెయ్యే."

హేమ లాయరు అనూరాధ గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెన్నై ఆఫీసుకి ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టింది. అది రిజిస్టరైతే ఆ ముడి వదినదే, వేరేవాడు వేస్తే ఆపించవచ్చు. ఆఫీసు వాళ్ళు ముడి బొమ్మని తమ పత్రికలో వేశారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాలుగు నెలల్లో చెప్పుకోవాలట. ఆ ఇసక వ్యాపారి చెప్పుకున్నాడు: 'ఈ నీలి ముడి ఏ ఒక్కరిదీ కాదు. తీరమంతా తరతరాలుగా వేసుకుంటున్నదే.' సాక్ష్యంగా ఒక సీడీ జతచేశాడు.

అనూరాధ గారు మమ్మల్ని ముగ్గురినీ పిలిపించి కంప్యూటర్లో ఆ సీడీ పెట్టింది. చూస్తే ఏముంది? నేనే! కొత్త లాల్చీ వేసుకుని, మీసం తిప్పుకుంటూ.

రెండేళ్ళ కిందట లోకల్ కేబుల్ టీవీ వాళ్ళు వచ్చి సముద్రం కథలు చెప్పమన్నారు. కెమెరా పెట్టాక నా నోరు ఊరుకుంటుందా? మా ముత్తాత ఒక తిమింగలం తోకకి నీలి ముడి వేసి, దానిచేత పడవని గోపాల్‌పూర్ దాకా లాగించుకుని, మధ్యాహ్నం అన్నం వేళకి తిరిగొచ్చాడని చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆ రోజు నుంచీ ఈ ఒడ్డు మీద పతీ ఇంటోళ్ళూ గంపకి నీలి ముడేత్తారు బాబూ!" అని ముగించాను.



"తాతా," అంది హేమ, "మన కొంప నువ్వే ముంచినావు."

వదిన మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఒరే గంగులూ, మొన్న నాకు సెప్పినప్పుడు తిమింగలం భీమిలి దాకే కదరా ఎల్లింది? ఈలోగా గోపాల్‌పూర్ ఎప్పుడెల్లిపోనాది?"

అనూరాధ గారికి నవ్వు రాలేదు. "గంగులు గారూ, ఈ ముడి మొదట ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, ఎందుకు వేశారో మీకు తెలుసా? తెలిస్తే ప్రమాణ పత్రం ఇవ్వాలి. సీడీలో చెప్పింది కల్పన అని కూడా అందులో రాయాలి. లేకపోతే కేసు నిలబడదు."

"తిమింగలాన్ని కాస్త సిన్నది సేసి రాద్దామా అమ్మా?"

"తిమింగలమే వద్దు."

నాకు తెలుసు. ఆ ముడి సంగతి వదినకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. కథలన్నీ అల్లిందే ఆ సంగతి మీద కప్పడానికి. వదిన నా మొహం చూసింది.

"ఒద్దులే లాయరమ్మా. ఆడిని ఒగ్గేయండి. ముడి పోతే పోనీ, ఇంకోటి కట్టుకుంటాను."

ఇరవయ్యేళ్ళ ముడిని నా పరువు కోసం వదిలేస్తానంటోంది! అప్పుడింక నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడి చెప్పాను.

1998. మా అన్న ఎర్రన్న పోయి ఆరు నెలలైంది. పోయే ముందు అన్న కొన్న కొత్త నీలం వల నా చేతిలో పెట్టింది వదిన. నేను కల్లు తాగి పడవలో నిద్రపోయాను. లేచేసరికి వల లేదు. మూరెడు ముక్క మాత్రం పడవ కొయ్యకి చిక్కుకుని ఉంది. అది పట్టుకుని ఒడ్డుకొచ్చాను. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. పేటంతటికీ మాత్రం "వల ఉప్పెన్లో పోనాది, మా గంగులు పానాలతో వొచ్చినాడు, అదే సాలు" అని చెప్పింది. ఆ రోజు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. ఆవిడ అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

వల లేనివాణ్ణని ఆ ఏడు నన్ను ఎవరూ పడవ ఎక్కించుకోలేదు. వదిన ఆ మూరెడు ముక్క విప్పి దారం తీసి, తన గంపకి మొదటి ముడి వేసింది. ఏడు నెలలు ఒక గంప తన ఇంటి ఖర్చుకి, ఒక గంప నా ఇంటి ఖర్చుకి అమ్మింది. నా ముగ్గురు పిల్లలు ఆ గంప మీదే అన్నం తిన్నారు.

అనూరాధ గారు కలం ఆపి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మొత్తం ఇంగ్లీషులో టైపు చేయించి, తెలుగులో చదివి వినిపించింది. 'తాగి నిద్రపోయినందున' అన్నచోట "ఆ ముక్క తీసేయమంటారా?" అని అడిగింది.

"ఉండనీ తల్లీ. సెన్నై ఆఫీసోళ్ళు కూడా తెలుసుకోనీ."

నోటరీ ముందు సంతకం పెట్టాను. వేలిముద్ర కాదు, సంతకమే. ఐదో తరగతి ఊరికే పోలేదు.

నా ఒక్కడి మాటే కాదు. పేటలో పదకొండు ఇళ్ళ వాళ్ళు కూడా వచ్చి రాసిచ్చారు: మా గంపకి ఎర్రగుడ్డ, మాకు తాటాకు పీలిక, మాకు గవ్వ. నీలి ముడి దాలమ్మది. నెల్లిమర్ల జూట్ మిల్లు దగ్గర హోటలు నడిపిన జోగయ్య వదిన దగ్గర కొన్న గంపల పాత ముడులు ఒక మేకుకి గుచ్చి దాచుకున్నాడు, ఆ మేకుతో సహా పట్టుకొచ్చాడు. వాళ్ళందరికీ ఈ ముసలాడి దండం.

రెండేళ్ళు తిరిగాక, 2019లో, అభ్యంతరం కొట్టేసి సర్టిఫికెట్టు పంపారు. ఇసక వ్యాపారి బొమ్మ మార్చుకున్నాడు. హేమ సర్టిఫికెట్టు చదివి వినిపిస్తుంటే వదిన సగం విని, లేచి చేపల దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి నన్ను పిలిచింది.

"ఇలాగ రారా. నాకు పళ్ళు పోనాయి, మూడే ఉన్నాయి. ఇయాల్టి నుంచీ నువ్వు నమలాలి."

"నానా? నా నోటిని నమ్ముతావా వదినా?"

"సెన్నైవోళ్ళే నమ్మినారు. నాకేటి? కూకో."

మొదటి గంపలోంచి నాలుగు తీసి నమిలాను. బాగున్నాయి. వదిన ముడి వేసింది. రెండో గంప కూడా అంతే. మూడో గంపలో చివరి నెత్తలి నములుతుంటే చిన్న పలుకు తగిలింది. ఆవగింజలో సగం ఉంటుందేమో. శ్రీకాకుళం పంపాల్సిన గంప, బయట ఆటో ఆగి ఉంది. వదిన దారం పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది.

"ఇసక," అన్నాను.

వదిన దారం మళ్ళీ ఉండకి చుట్టేసి, గంప పక్కకి నెట్టి, నాలుగోది నా ముందుకి జరిపింది.