ఎవరూ భోంచెయ్యని పళ్ళెం

నేను ఒక పళ్ళేన్ని. వెండిదో ఇత్తడిదో అనుకునేరు, మామిడి తొక్కల పళ్ళేన్ని. నూజివీడులో రసం తీసే ఫ్యాక్టరీ వెనక, ఈగలు ముసురుకున్న కుప్పలో నా పుట్టుక. ఒక్క పూట అన్నం మోసి, నెల తిరక్కుండా మట్టిలో కలిసిపోవడమే మా జాతి బతుకు. అంతకు మించి నేనేమీ కోరుకోలేదు.

నన్ను చేసింది దమయంతి. అదే ఫ్యాక్టరీలో పదమూడేళ్ళు కాయల తొక్కలు తీసి, అవి కుళ్ళి కంపు కొట్టడం చూడలేక పని మానేసిన ఒంటరి మనిషి. తొక్కలు ఉడికించి, రైతుబజారులో పారేసిన క్యాబేజీ ఆకులు కలిపి రుబ్బి, డాబా మీద ఎండబెట్టి, కాలిన ఇనప అచ్చుల మధ్య నొక్కి, లోపల కారకుండా పూత పూసింది. చేతులు బొబ్బలెక్కాయి. నా జతవాటిలో ఒకదాన్లో సలసల కాగే సాంబారు పోసి గంటసేపు ఎదురుగా కూర్చుంది. చుక్క కారలేదు. ఆ సంతోషం చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేక నాతోనే చెప్పుకుంది.

పెళ్ళివంటల కాంట్రాక్టరు పోలిశెట్టిగారు ఒక నిశ్చితార్థం భోజనాల్లో మమ్మల్ని పంక్తిలో వేసి చూస్తానన్నారు. నచ్చితే అన్ని పెళ్ళిళ్ళకీ మేమే. నచ్చకపోతే దమయంతి మళ్ళీ ఆ ఫ్యాక్టరీలో చాకు పట్టుకోవాల్సిందే.

వడ్డనకి ముందే పెద్దలంతా అలవాటుగా నీళ్ళు చిలకరించి, అరచేత్తో మావాళ్ళని శుభ్రంగా తుడిచారు. మా లోపలి పూత వేడికి లొంగదు గాని, తడిచేత్తో రుద్దితే లేచిపోతుంది. పప్పుచారు పొయ్యగానే అడుగునుంచి కారి పట్టుపంచెలన్నీ పచ్చబడ్డాయి. విస్తరి తుడవకుండా ఏనాడూ ముద్ద ముట్టని దమయంతికే ఆ సంగతి తట్టలేదు.

"ఇస్తరి కడుక్కోకుండా మనోళ్ళెవరన్నా తింటారా అమ్మా?" అన్నారు పోలిశెట్టిగారు, మెల్లగానే.

పంక్తి చివర ఆవిడ కోసం వేసిన పళ్ళేన్ని నేను. ఆవిడ కూర్చోలేదు. నన్ను చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. చేసిన తప్పు గుర్తుండాలని నాకు వార్నిష్ పూసి, అంచుకు చిల్లు పొడిచి, వంటింటి గోడకు తగిలించింది. మనుషులకు ప్రేమ పుడితే ఇంతే, చావనివ్వరు.

ఆ ఏడాదంతా పగలు ఫ్యాక్టరీలో మళ్ళీ చాకు పట్టి, రాత్రిళ్ళు నా కళ్ళముందే కొత్త పూతలు వేసింది. ప్రతి పళ్ళేన్నీ తడిపి, తుడిచి, ఆ తర్వాతే సాంబారు పోసింది. మళ్ళీ వేసవికి పోలిశెట్టిగారు ఇంకొక్క పెళ్ళి ఇచ్చారు. మూడువందలమంది తిన్నారు. ఆ పళ్ళేలన్నీ ఆటోలో తెచ్చి పెరటి గోతిలో పోసి, మధ్యాహ్నం మూడింటికి వంటింట్లోకి వచ్చింది.

"ఒక్కటీ కారలేదే" అంది నాతో. అప్పటిదాకా ఆవిడ ఎంగిలి పడలేదు. నన్ను దించి పీట ముందు పెట్టుకుంది. ఎన్నాళ్ళ కోరికో నాది! అలవాటు ప్రకారం నీళ్ళు చిలకరించి తుడవబోయింది. నీళ్ళు చేమాకు మీద లాగా జారిపోయాయి. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"వార్నిష్ పూశాను కదే. నీలో నేనెట్టా తినను?" అంది.

నన్ను పొడిగా తుడిచి మళ్ళీ మేకుకి తగిలించింది. స్టీలు కంచంలో వడ్డించుకుని, గోడవైపు తిరిగి, ఒక్కతే తింది.

నాకు కిటికీలోంచి గొయ్యి కనబడుతుంది. మావాళ్ళంతా అందులో ఒకరి మీద ఒకరు, కలిసే ఉన్నారు.