స్టాల్‌నాట్‌కి కొత్త గొంతు

కాదు, నాలుగో పాటలో ఆ అరుపు విరగలేదు, విరిగినట్టు అనిపించిందంతే, మళ్లీ వినాలి అనుకుంటూ లావణ్య పాటను వేలితో వెనక్కి జరిపింది, ఇయర్‌ఫోన్లలో డ్రమ్ములు రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మొదలయ్యాయి, వెనకాలే గిటార్లు, ఆ తర్వాత ఆమె, మారెన్, పోయిన ఆల్బం దాకా బేస్ గిటార్ పట్టుకుని స్టేజీ మీద ఓ మూల నిలబడ్డ మనిషి, ఇప్పుడు ముందుకొచ్చి అరుస్తోంది, ఇదిగో ఇక్కడే, విరగలేదు, వంగి మళ్లీ లేచింది, అబ్బ, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, వంటింట్లోంచి పేరమ్మ ఒసేయ్ చెవులు పోతాయే, ఆ వైర్లు పీకేసి రా, చందువా చేపలు వేడిగా ఉన్నాయి అంటోంది, పేరమ్మది అమలాపురం దగ్గర ఊరు, ఈ ఫ్లాటులో తనతోపాటే అద్దెకుంటుంది, జుమేరాలో ఎవరింట్లోనో వంట చేస్తుంది, ఇవాళ సెలవు, సెలవు రోజూ వంటే, వస్తున్నా ఆంటీ అంది లావణ్య, లేవలేదు.

నిన్న విడుదలైన దగ్గర్నుంచి లోకమంతా తిట్లే, పాత గాయకుడు గొంతు దెబ్బతిని తప్పుకున్నాక స్టాల్‌నాట్ తెచ్చిన మొదటి ఆల్బం కదా, ఇది ఆ బ్యాండే కాదని ఒకడు, పేరైనా మార్చుకోండని ఇంకొకడు, ఏదో ఇంగ్లిష్ పత్రిక పదికి మూడు మార్కులిచ్చి పాపం ఆమెకు ఊపిరి చాలడం లేదని రాసింది, ఆ పాపం దగ్గరే లావణ్యకు కాలింది, ఊపిరి పీల్చుకోని మనిషెవరు, జగిత్యాలలో ఇంటర్ చదివేటప్పుడు చిన్నమ్మ కొడుకు రాకేశ్ ఎక్కడో మెమరీ కార్డులో తెచ్చాడు ఈ జర్మన్ల పాటలు, డాబా మీద ఇద్దరూ చెరో చెవిలో పెట్టుకుని విన్నారు, మెటల్‌కోర్ అన్న పేరు కూడా తెలియదు, ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ గొంతు చించుకుని అరిచినవాడు అంతలోనే మెత్తగా రాగం తీస్తుంటే, కోపం, ఏడుపు ఒకే పాటలో పడతాయా అని ఆశ్చర్యం, అమ్మ కిందినుంచి ఏం గోల అది దయ్యం పట్టిందా అని కేకేస్తే మరింత నవ్వు, తర్వాత బతుకుతెరువుకి ఇద్దరూ ఈ అరబ్బు దేశం చేరారు, వాడు ఉమ్ అల్ క్వైన్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీకి, తను దేరాలో కార్గో ఆఫీసుకి, కరోనా తగ్గుతుండగా ఇద్దరూ కలిసి పెట్టిన చానల్ పేరు గడబిడ, తెలుగులో మెటల్ కబుర్లు, వినేది కొద్దిమందే, కానీ ఎంత ప్రాణం పెట్టి వింటారో, మొదటి వీడియోలో తనే మాట్లాడింది, అక్కా వంటల చానల్ పెట్టుకో అని ఎవడో కామెంటు పెట్టాడు, నవ్వి ఊరుకుంది, అప్పట్నుంచి తను రాస్తుంది, వాడు చెబుతాడు, సాయంత్రం లైవ్ కూడా అలాగే.

ఫోన్ మోగింది, రాకేశే, అక్కా షార్జా కాడ ఇరుక్కున్న, ముంగట ఏదో యాక్సిడెంట్ అయింది, కారు ఇంచు కదుల్తలేదు, కార్లనే కూసొని లైవ్ ఇస్త, నువ్వు రాసింది పంపు, టైటిల్ నేను పెట్టిన, స్టాల్‌నాట్ ఖలాస్, ఎట్లుంది, ఖలాస్ ఏంది తమ్మీ నువ్వు పూరా విన్నవా, సగం విన్న, లోకమంత తిడ్తున్నది గదా మనం గూడ నాలుగు మాటలంటే జనమొస్తరు, నాకు నచ్చింది రాకేశ్, ఏంది, నచ్చింది, రెండు పాటలు ఉత్తయే, మిగిలినయి పానం లేపుతున్నయ్, నేను గదే రాసిన, అవతల హారన్లు, డ్రైవరు హిందీలో ఎవరినో తిట్టడం, అక్కా ఆ మాట నా నోటితోని ఎట్ల చెప్తనే, నాకైతే నచ్చలే, అయితే నువ్వు చెప్పకు, నేను చెప్త, ఆ మాట తన నోటినుంచే వచ్చిందా, మనసుల పెట్టుకోకు గని అక్కా, జనం నా గొంతుకు అలవాటు పడ్డరు, తెల్సు తమ్మీ, గా మారెన్ పరిస్థితి గూడ గదే, అంది, వాడు ఫక్కున నవ్వాడు, సరే యల్లా, కానియ్, టైటిల్ తీసేస్తున్న, నేను కామెంట్లల్ల కూసొని నిన్ను తిడ్త.

ఎక్కడ కూర్చోవాలి, మంచం మీదా, వద్దు, కిటికీ దగ్గర, వెలుతురుంది, ఎదుటి బిల్డింగుల మీద ఎండ పచ్చగా దిగుతోంది, కింద బస్సు ఆగి జనాన్ని దింపుతోంది, పేరమ్మ చేప పళ్లెంతో వచ్చి ఎవరితోనే మాట్లాడతావ్ అంటే అందరితో ఆంటీ అంది, చున్నీ సరిచేసుకుంది, ఫోన్లో లైవ్ ఎర్రచుక్క వెలిగింది, నమస్తే నేను లావణ్య, రాకేశ్ వాళ్ల అక్కని, రాసిన కాగితం చూసి చదవడం మొదలెట్టింది, రెండో వాక్యానికే నాలుక తడబడింది, ఇదేమిటి, రాసింది తనే కదా, వాక్యం అయిపోదేం, ఇంత పొడుగు, మధ్యలో ఈ పంచులేమిటి, అరే భాయ్ అని ఎందుకుంది ఇక్కడ, తను ఏనాడైనా అరే భాయ్ అందా, అది రాకేశ్ మాట కదా, కామెంట్లలో ఎవరో ఈ ఆంటీ ఎవరు రాకేశన్న ఎక్కడ అంటున్నారు, ఇంకెవరో చెప్పనియ్యుర్రా బయ్ అంటున్నారు, కాగితం బోర్లించి పక్కన పెట్టింది, ఊపిరి పీల్చుకుంది, మైకులో ఆ చప్పుడు పడే ఉంటుంది, పడనీ, వినుర్రి, నాలుగో పాట ఉన్నది సూడు, నేను పొద్దట్నుంచి ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు అని మొదలెట్టింది, మాట మాటను లాక్కుపోతోంది, చేతులు ఊగుతున్నాయి, పేరమ్మ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది, ఆ పరుగులోనే తెలిసింది లావణ్యకు, మైకు తననుంచి ఎవరూ లాక్కోలేదు, కామెంటు పెట్టినవాడూ కాదు, తమ్ముడూ కాదు, ఇన్నేళ్లూ తన మాటల్ని తానే ఇంకొకరి నోటికి కొలత పెట్టి కుట్టింది, ఎవరూ అడగకుండానే.