వీశెకి సోల ఉప్పు

మార్టూరు దగ్గర ఆ ఊళ్ళో పండుమిరపకాయ పచ్చడి పెట్టే రోజున వెంకటేశ్వరమ్మను పిలవని ఇల్లు తక్కువ. కాయలు కడిగి ఆరబెట్టడం, తొడిమలు తీయడం, చింతపండు ఏరడం ఎవరికి వాళ్ళే చేసుకునేవాళ్ళు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆవిడ రావలసిందే. వీశె కాయలకి సోల కళ్ళుప్పు. ఇత్తడి సోలను ఉప్పులో ముంచి, పైన అరచేత్తో చదును చేసి, రోట్లో పోసేది. రుచి చూసేది కాదు. ఆ రోజు నాలుక మీద పెడితే మంట తప్ప ఉప్పు తెలియదనీ, మూడో రోజుకి గాని అది కాయకి పట్టదనీ చెప్పేది. మూడో రోజు జాడీ మూత తీస్తే ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

ఆ ఉప్పు చినగంజాం నుంచి, ఉప్పమ్మే యలమంద బండి మీద వచ్చేది. ఏడాదికి సరిపడా బస్తా కొని, ఎండబోసి, చెత్త ఏరి, కుండల్లోకి ఎత్తుకునేది వెంకటేశ్వరమ్మ.

కొడుకు వీరాంజనేయులు మిరప వేసేవాడు. కోడలు బిందుమాధవి ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. తొంభై ఏడులో బడికి గాయిటర్ పోస్టర్లు వచ్చాయి. అయోడిన్ కలిపిన ఉప్పే వాడాలని తరగతి తరగతికీ తిరిగి చెప్పింది బిందుమాధవి. చెప్పిన తనే ఇంట్లో కళ్ళుప్పు వాడడం ఆమెకు తప్పుగా తోచింది. ఆ ఏడు యలమంద బండి గుమ్మం ముందు ఆగితే వద్దని పంపేసి, పేకెట్ల ఉప్పు తెచ్చి కుండల్లో పోసింది.

కూరలకి ఇదే వాడుకుందాం గాని పచ్చడికి మాత్రం పాత ఉప్పు ఉండనివ్వమని అత్తగారు అడిగింది. ఎందుకని కోడలు అడిగింది. ఈ మెత్తుప్పు చేతికి కొత్తగా ఉందంది ఆవిడ.

"ఏ ఉప్పయినా ఉప్పేగా అత్తయ్యా. అది గళ్ళు, ఇది పొడి. అంతే తేడా," అంది బిందుమాధవి.

చదువుకున్న పిల్ల చెబుతోంది గదా అని వెంకటేశ్వరమ్మ ఊరుకుంది.

మాఘమాసంలో పది వీశెల కాయలు తొక్కారు. మర్నాడే మిర్చి టిక్కీలతో ట్రాక్టరు గుంటూరు యార్డుకి పోతుంటే, అందులో ఒక పెద్ద జాడీ నల్లపాడు పంపించారు. అది ఆడపడుచు శ్రీరమ్య అత్తవారి ఊరు. వాళ్ళింట్లో నిశ్చితార్థం జరగబోతోంది, ఆ భోజనాల్లోకి ఈ పచ్చడే కావాలని వియ్యపురాలు అడిగి మరీ తెప్పించుకుంది.

వారం తిరక్కుండా జాడీ వెనక్కి వచ్చింది. శ్రీరమ్యే తెచ్చింది. ఉప్పు కషాయమట. మగపెళ్ళివారు కలుపుకున్న అన్నం కలుపుకున్నట్టే విస్తరి అంచుకి నెట్టేశారట. అది చెబుతూ ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఇంట్లో ఉన్న జాడీ తీసి చూశారు. అదీ అంతే. అదే వారంలో పక్కింటి నసీమున్నీసా పచ్చడికి కూడా వెంకటేశ్వరమ్మ ఈ కుండలోని ఉప్పే పట్టుకెళ్ళి వేసి వచ్చింది. వాళ్ళదీ నోట పెట్టుకునేలా లేదు.

ముసలావిడ లెక్క తప్పుతోందని ఊళ్ళో అనుకున్నారు. బిందుమాధవి కూడా అదే నమ్మింది. అత్తగారిని నొప్పించకూడదని పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"ఒక సోల రెండుసార్లు పోసి ఉంటారత్తయ్యా. వయసు మీద పడ్డాక ఎవరికైనా మామూలే. వచ్చే ఏటి నుంచి నేను చూసుకుంటాలెండి."

వెంకటేశ్వరమ్మ సోలను కోడలి చేతికిచ్చింది. ఇంకో మూడు వీశెల కాయలు ఉప్పు లేకుండా తొక్కి ఇంట్లో పచ్చడిలో కలుపుతుంటే, దూరంగా కూర్చుని చూసింది.

మరుసటి ఏడు బిందుమాధవి కాటా పెట్టి, గ్రాముల లెక్కన అదే పేకెట్ ఉప్పుతో పచ్చడి పట్టింది. సరిగ్గా కుదిరింది. దాంతో తప్పు అత్తగారిదేనని అందరికీ ఖాయమైపోయింది. ఆవిణ్ణి పిలిచేవాళ్ళు లేరు. ఇంట్లో పప్పులో కూడా ఉప్పు వేయడం మానేసింది. అన్నీ వండి, ఉప్పు మాత్రం కోడలు బడి నుంచి వచ్చి వేసే దాకా కాచుకునేది. పెద్దతనపు జాగ్రత్త అనుకుని బిందుమాధవి పట్టించుకోలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. రెండువేల ఆరు జనవరిలో బిందుమాధవి ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం చెబుతోంది. ఒకే కొలత ఉన్నా అన్నీ ఒకే బరువు తూగవని చూపించడానికి, స్ఫటికాల పాఠం కోసం తెచ్చి ల్యాబులో ఉంచిన కళ్ళుప్పు ఒక బీకరు నిండా పోసింది. అలాంటిదే ఇంకో బీకరు నిండా పేకెట్ ఉప్పు పోసింది. గళ్ళ మధ్య గాలి ఉంటుంది కాబట్టి అది తేలిక అని చెబుతూ రెండూ త్రాసులో పెట్టింది. పేకెట్ ఉప్పు పళ్ళెం దిగిపోయి బల్లను తాకింది.

ఆమెకు ఇంట్లోని ఇత్తడి సోల గుర్తుకొచ్చింది. పిల్లలు ఎదురు చూస్తున్నారు. వాళ్ళకి లెక్క ఒకటి ఇచ్చి, తను మరో లెక్క వేసుకుంది. సోలకి దాదాపు వంద గ్రాములు ఎక్కువ. పది వీశెలకి కిలో ఉప్పు.

ఇంటికి వెళ్ళేసరికి వెంకటేశ్వరమ్మ ఇంటి వెనక కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. బిందుమాధవి చీర కుచ్చెళ్ళు మట్టిలో పడుతున్నా చూసుకోకుండా ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పింది. ఆ రోజు సోలలు తప్పలేదని, పోయవలసినన్నే పోశారని, తప్పంతా తను తెచ్చిన ఉప్పుదేనని చెప్పింది.

వెంకటేశ్వరమ్మ చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ రోజు సోల ఎత్తితే బరువనిపించిందమ్మాయ్," అంది. "నా చేతిలో సత్తువ తగ్గిందేమో అనుకున్నా."

"అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా."

"ఏమని చెప్పను? బరువుందని చెబితే నువ్వు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదానివి."

ఆవిడ మళ్ళీ కాయలు ఏరడంలో పడింది. కోపం చూపించి ఉంటే బాగుండుననిపించింది బిందుమాధవికి.

ఆ సాయంత్రమే నసీమున్నీసా ఇంటికి వెళ్ళి చెప్పింది. ఏ పచ్చడి సంగతని ఆవిడ అడిగింది. తర్వాత మరో రెండు ఇళ్ళకి వెళ్ళింది. వాళ్ళకీ గుర్తు లేదు. నల్లపాడుకి ఫోను చేస్తే శ్రీరమ్య నవ్వి, ఆనాడు జాడీ వెనక్కి పంపిన అత్తగారు పోయి మూడేళ్ళయింది గదా వదినా, ఇప్పుడెందుకు అదంతా అంది. ఎనిమిదేళ్ళూ దాన్ని మోసింది ఒక్క వెంకటేశ్వరమ్మే.

ఆ నెలలోనే యలమందను వెతికి పట్టుకుని కళ్ళుప్పు దింపించింది బిందుమాధవి. కాయలు సిద్ధం చేసి అత్తగారిని రోటి దగ్గరికి తీసుకొచ్చింది. వెంకటేశ్వరమ్మ సోలను ముంచింది, పైన చదును చేసింది, రోటి మీదికి తెచ్చి ఆగిపోయింది. ఇది ఎన్నోదని అడిగింది. మొదటిదేనని బిందుమాధవి చెప్పింది. ఆవిడ ఉప్పును మళ్ళీ కుండలో ఒంపేసింది.

"నువ్వే పొయ్యి. నేను లెక్క పెడతా."

ఎంత బతిమాలినా వినలేదు. చివరికి బిందుమాధవే పోసింది.

మూడో రోజు మధ్యాహ్నం వేడన్నంలో నెయ్యి వేసి పచ్చడి వడ్డించింది. వీరాంజనేయులు రెండు ముద్దలు తిని, అమ్మ చెయ్యి నీకొచ్చింది అన్నాడు. అవునురా, ఎక్కడా తప్పు పోలేదు అంది వెంకటేశ్వరమ్మ సంతోషంగా, ఇంకొంచెం వడ్డించుకుంటూ. ఆ లెక్క మీదేనని బిందుమాధవి చెప్పబోయింది. ఆవిడ ముఖంలోని ఆ సంతోషం చూసి, తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది.