మిగతావి ఉండనీ

మగ్గం దిగి అన్నానికి వచ్చిన నన్ను ఉష ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

"నువ్వే చెయ్యాలె బాపూ. నేను నోరు తెరువ."

మా బిడ్డ హైదరాబాదులో చదువుతోంది. లెక్కల్లో రుజువు రాస్తే, ఒక్కో మెట్టు సరిగా ఉందో లేదో చూసి చెప్పే కంప్యూటర్ పనిముట్టు ఉందట. అది బాగా చదివినవాళ్లకే పనికొస్తోంది. బడి మానినవాళ్లూ వాడేట్టు దాన్ని తెలుగులో చేస్తానని ఈమె పట్టుబట్టింది. అలాంటివాడొక్కడైనా తనంతట తాను ఒక రుజువు పూర్తి చేయకపోతే ఆ పని ఆపేయమన్నాడట వాళ్ల సారు. నారాయణపేటలో బడి మానినవాడికి కరువా? ఇంట్లోనే ఉన్నాను.

రెండు బేసి సంఖ్యలు కలిపితే సరిసంఖ్య వస్తుందని చూపాలి. తెర మీది మెట్లను వరుసలో పేర్చాలి. పేర్చాను. ఒకచోట ఎర్రగా 'తప్పు' అని పడింది. అక్కడి నుంచి కిందివన్నీ తీసేసి మళ్లీ పేర్చాను. ఎరుపు ఇంకోచోటికి పోయింది. మళ్లీ తీశాను. కళ్లు మండాయి.

"టీవీ రిమోటే రాదాయనకు," అంది నూలు కండెలు చుడుతున్న నా భార్య వసంతలక్ష్మి.

"నువ్వే నొక్కి, మా బాపు చేసిండని చెప్పరాదే?" అన్నాను ఉషతో.

"అబద్ధం చెప్పెటందుకు రుజువెందుకు బాపూ?" అని, ఉండబట్టలేక అడిగింది. "తప్పు ఒక్క మెట్టే గద. కిందియన్ని ఎందుకు తీస్తున్నవ్?"

"నేసెటప్పుడు పేకల పోగు తప్పితే ఏం చేస్తం? ఆడిదాంక విప్పుతం. తప్పు మీద నేసింది ఉంచుకుంటరా ఎవరన్న? బడిల గూడ గంతే. ఒక్క లెక్కల్ల తప్పితే అన్ని మల్ల చదువుమన్నరు. ఎవడు చదువుతడు?"

ఉష ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుంది. నేను అన్నం తిని మళ్లీ మగ్గమెక్కాను.

పొద్దు వాలుతుండగా పిలిచింది. మళ్లీ పేర్చాను. మళ్లీ ఎరుపే. కానీ దాని కింద ఇప్పుడు కొత్త మాట ఉంది: 'ఈ మెట్టు ఒక్కటే మార్చు. మిగతావి బాగున్నాయి, ఉండనీ.'

ఆ ఒక్కటీ మార్చాను. తెరంతా పచ్చబడింది.

"బాపు చేసిండు సార్! నేను ముట్టలే," ఉష ఫోన్‌లో అరుస్తోంది.

"ఏం తేలిందయ్యా గింతసేపు?" అంది వసంతలక్ష్మి.

"బేసి బేసి కలిస్తె సరి."

"గది నాకెర్కే."

నడుము పట్టుకుని మగ్గం గుంటలోకి కాళ్లు దించాను. పొద్దున నేసినచోట ఒక పోగు తప్పి కనిపించింది. అక్కడిదాకా విప్పడం మొదలుపెట్టాను.