మూడు గిన్నెలు

అరుణజ్యోతి ఎత్తబోతే గుడ్డు వేళ్ల మధ్య మెత్తగా జారింది. మళ్లీ తోలుగుడ్డే, పెంకన్నది లేకుండా. "నీ చెయ్యే గంత," అన్నాడు మొగుడు మహేందర్ మెట్ల మీంచి. తప్పు తన దాణాదని ఒప్పుకుంటే మన్సూరాబాద్ మొత్తం భూమిలోకి దిగిపోతుందేమో!

మహేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ హాస్టల్ మెస్‌కు ఇన్‌ఛార్జి. నాలుగు వందల నోళ్లకు ఒకే గరిట తిప్పే మహానుభావుడు. ఆ విద్యే మిద్దె మీది ఆరు కోళ్ల మీదా ప్రయోగించాడు. తవుడు, మక్కలు, నూనె తీసిన పల్లిచెక్క కలిపి పిండి కొట్టించి ఒకటే ముద్ద. "కోడికేం తెలుస్తది? పెట్టింది తినాలె." దేవతలు గంపలు పట్టుకుని ఆ ముద్ద కోసం ఎల్‌బీ నగర్ దాకా లైన్ కట్టినంత గొప్ప ఆయన మొహంలో. కోళ్లు మాత్రం దాన్ని కాళ్లతో చిమ్మేవి.

అరుణజ్యోతికి పుట్టింటి కోళ్లు గుర్తొచ్చాయి. వాటికి ఎవరు కలిపి పెట్టారు? మర్నాడు ఆయన డ్యూటీకి పోగానే మూడు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో మక్కలు, ఒకదాంట్లో చెక్క, ఒకదాంట్లో పెంకుకు బలమిచ్చే ఆల్చిప్పల నూక. పొద్దున మక్కల మీద పడ్డాయి. సాయంత్రం గుడ్డుకొచ్చిన పెట్టలు తిన్నగా ఆల్చిప్పల దగ్గరికి నడిచాయి. గుడ్లు మానేసిన ముసలిపెట్ట అటు చూడనైనా లేదు. దేనికేం కావాలో దానికే తెలుసు, అనుకుంది అరుణజ్యోతి. తన కంచం పదకొండేళ్లుగా అత్త అండాలమ్మే పెడుతుంది. "నీకు గుడ్డు వేడి చేస్తదే," అని పెళ్లైన మూడో రోజు అన్నది, అంతే. అప్పట్నుంచీ ఆమెకు ఉత్త పులుసే. గుడ్డంటే తనకే ఇష్టం లేదని కూడా నమ్మేసింది, పిచ్చిది.

పది రోజులకు గుడ్లు గట్టిపడ్డాయి, విసిరితే గోడే పగిలేంత. ఆదివారం మహేందర్ పక్కింటి సీతారాములును మిద్దె మీదికి తీసుకొచ్చాడు. "అంత నా ఫార్ములానే, అన్నా!" ఆమె అక్కడే మూడో గిన్నె కడుగుతోంది. ఆయనకు గిన్నే కనబడలేదు, ఇక ఆమేం కనబడుతుంది?

మధ్యాహ్నం గుడ్ల పులుసు. అండాలమ్మ గరిట అందుకోబోయింది.

"ఉండు, అత్తమ్మా."

అరుణజ్యోతి అందరికంటే ముందు కూర్చుని అన్నం పెట్టుకుంది. రెండు గుడ్లు వేసుకుంది.

"ఏందే గది! వేడి చేస్తది!"

"నాకేం చేస్తదో నాకు తెలుస్తది."

"మరి నాకెవరు పెడ్తరు?" మహేందర్ గొంతు లేచింది.

అన్నం, పులుసు, పెరుగు. మూడు గిన్నెలూ వరసగా అతని ముందుకు జరిపింది. "ఏది కావాల్నో చూసుకొని తిను."

మహేందర్ ఆ గిన్నెల వంక చూస్తూ నిలబడే ఉన్నాడు. కోళ్లకు ఇంతసేపు పట్టలేదు.