బదులిచ్చిన రక్తం

పరాయి దేశంలో ఇల్లు కొనడమంటే మాటలా? అమ్మేవాడు చెప్పే ధర ఒకటి. అది చూసి మురిసిపోయి అడుగు ముందుకేశాక బయటపడే ధరలు ఇంకో డజను. పరదేశీ కొంటున్నాడు కనుక ప్రభుత్వ అనుమతి, దానికో రుసుము. పరదేశీగా పుట్టినందుకు అదనపు పన్ను. కాగితాలు చదవడానికి లాయరు, ఆ లాయరు మాట మనకి విడమరచి చెప్పడానికి దుబాసీ, ఇద్దరికీ గంటల లెక్కన ఫీజు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటచేసే మాస్టరు ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర మాడి కూడబెట్టుకున్నదంతా, ఇంటి గడప తొక్కకముందే మంచులా కరగడం మొదలుపెట్టింది.

"మనం ఇల్లు కొంటున్నామా, వీళ్లందరికీ ఇళ్లు కట్టిస్తున్నామా?" అని అతని భార్య విసుక్కునేది. విసుక్కుంటూనే వంటగది కిటికీకి ఏ రంగు తెర బాగుంటుందని అడిగేది.

ఎలాగో ఇల్లు కుదిరింది. పాతదే. రెండు గదులు, వెనకాల ఒక కొట్టు. ఆ కొట్టు చిన్నోడికని ముందే అనుకున్నారు. చిన్నోడంటే ఆవిడ తమ్ముడు. నలభైకి దగ్గర పడుతున్నా ఇంట్లో మాత్రం చిన్నోడే. టైల్స్ వేసే పని. పెళ్లీ పెటాకులూ లేవు, అక్కాబావల అద్దె గదిలోనే ఓ మూల చాప పరుచుకుని ఏళ్లు వెళ్లదీశాడు. ఇంటికి కట్టిన బయానాలో వాడి కష్టార్జితం కూడా ఉంది.

బయానా కట్టాక బ్యాంకువాడు అసలు మెలిక పెట్టాడు. అప్పు కావాలంటే జీవిత బీమా ఉండాలి, బీమా కావాలంటే రక్తపరీక్ష. గడువులోగా అప్పు మంజూరు కాలేదా, బయానా గోవిందా! ఆ రక్తపరీక్ష దగ్గరే మాస్టరుకి చిక్కొచ్చిపడింది. అతనికి చక్కెర జబ్బు మరి.

ఉపాయం చెప్పింది చిన్నోడే. "నీ కార్డు పట్టుకుని నేనెళ్తా బావా. ఇక్కడివాళ్ల కంటికి మనమంతా ఒకే అచ్చు. ఆ ఫొటోలో ఉన్నది నువ్వో నేనో మా అక్కే చెప్పలేదు."

"మరి మీసమో?"

"పెంచుతాలే. నీ ఇంటి కోసం ఆ మాత్రం చెయ్యనా?"

ఆవిడ పకపకా నవ్వింది. "వెళ్లరా, గుండ్రాయిలా ఉన్నావు. నీ రక్తానికేం రోగం?" అంది.

వెళ్లాడు, ఇచ్చాడు, వచ్చాడు. చేతి మీద దూది చూపించి, "ఇంటికి నా నెత్తురు ధారపోశాను, ఇక కొట్టుతో సరిపెట్టుకోను, ముందుగది నాదే," అని ఆ సాయంత్రమంతా అక్కని ఆటపట్టించాడు.

వారం తిరక్కుండా మాస్టరుకి ఫోనొచ్చింది. అప్పుడతను పెద్ద మూకుట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. మాట్లాడింది బీమా కంపెనీ డాక్టరమ్మ.

"మీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?"

పరీక్షకెళ్లింది తను కాదు. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని చేసే పని చిన్నోడిది. పొద్దునా సాయంత్రం మాత్ర పడందే వాడి కాళ్లు కదలవు.

"వాడుతుంటే ఇవాళే మానేయండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇప్పుడు జాగ్రత్తపడితే నిలబెట్టుకోవచ్చు, ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండదు," అందావిడ. ఇలా ఉండగా బీమా ఇవ్వలేమనీ, పరీక్షలో పొరపాటు జరిగిందనుకుంటే మళ్లీ చేయించుకోవచ్చనీ చెప్పి పెట్టేసింది. మూకుట్లో ఉల్లిపాయలు మాడి బొగ్గయ్యాయి.

చెప్పేయాలనే ఇంటికి బయలుదేరాడు. ఒట్టు, దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు. తలుపు తీసేసరికి చిన్నోడు నేల మీద సుద్దముక్కతో బాత్రూం గీసి, ఏ టైలు ఎక్కడొస్తుందో అక్కకి చూపిస్తున్నాడు. "అనుమతి వచ్చిందటండీ! లాయరు ఫోన్ చేశాడు," అంటూ ఎదురొచ్చింది భార్య. మాస్టరు చెప్పులు విడిచి, సుద్దగీత తొక్కకుండా పక్కనుంచి లోపలికెళ్లాడు.

ఊళ్లో పెద్దాస్పత్రి ఒక్కటే. రక్తం తీసిందీ అక్కడే. చిన్నోడు తన పేరుతో అక్కడికెళ్తే, ఈ రక్తమే మొన్న ఇంకో పేరుతో వచ్చిందని ఎవరైనా పట్టుకుంటే? అప్పు పోతుంది, బయానా పోతుంది, మోసం కింద కేసు పెట్టి దేశంలోంచే గెంటేస్తారు. రిజిస్ట్రేషన్ కానీ, ఆ మర్నాడే చెప్దాం అనుకున్నాడు మాస్టరు. మనిషి ఎక్కడికి పోతాడు, ఇన్నాళ్లు ఉన్న జబ్బు ఇంకొన్నాళ్లు ఆగదా అనుకున్నాడు. ఎంత తేలిగ్గా అనుకున్నాడో!

ఇంట్లో చెప్పకుండా రెండో పరీక్షకి తనే వెళ్లాడు. కార్డు అదే, మనిషి వేరు. నర్సు తలెత్తి చూడనైనా లేదు. చక్కెర ఉందన్నారు, బీమాకి నెలనెలా కాస్త ఎక్కువ కట్టమన్నారు, అంతే. ఆ కాస్త కోసమా నేనింత నాటకం ఆడించాను అని తల బాదుకున్నాడు. మొదటిసారి ఎవరి రక్తమో కలిసిపోయి ఉంటుందని వాళ్లే తీర్మానించుకుని, పైగా క్షమాపణ కూడా చెప్పారు.

రిజిస్ట్రేషన్ అయింది. తాళాలు చేతికొచ్చాయి. మర్నాడు చెప్పాల్సినవాడు చెప్పలేదు. అప్పటికే చిన్నోడు బాత్రూంలో పాత గచ్చు పగలగొడుతున్నాడు. పగలు ఊళ్లోవాళ్ల ఇళ్లకి టైల్స్ వేసి, సాయంత్రం అక్క ఇంటికి వేసేవాడు. పనికి దిగేముందు రెండు మాత్రలు నోట్లో వేసుకుని, కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగేవాడు. మాస్టరు గుమ్మంలో నిలబడి చూసేవాడు. అన్నీ తెలిసి చూసేవాడు!

"ఆ మాత్రలు మానరా."

"మానితే మోకాలు వంగదు బావా. మోకాలు వంగకపోతే నీ బాత్రూం వంకర్లు పోతుంది."

"బాత్రూం తగలబడిపోనీ. ఆస్పత్రిలో చూపించుకో."

"ఇదిగో, ఇది అయ్యాక చూపించుకుంటాగా," అని నవ్వేసి టైలు మీద సుత్తి పిడితో తట్టుకుంటూ పోయేవాడు.

ఒకరోజు ఆ మాత్రలు చెత్తబుట్టలో పడేశాడు మాస్టరు. చిన్నోడు సణుక్కుంటూ వెళ్లి కొత్తవి కొనుక్కొచ్చాడు. అంతకుమించి మాస్టరు చేసిందేమీ లేదు. జబ్బు సంగతి చెప్పాలంటే, అది తనకి ఎప్పట్నుంచి తెలుసో కూడా చెప్పాలి. రోజు గడిచేకొద్దీ ఆ రెండో ముక్కే కొండంత అయి కూర్చుంది.

బాత్రూం పూర్తయింది. అద్దంలా వచ్చింది. ఆ వారమే ఓ పొద్దున చిన్నోడి మొహం ఉబ్బిపోయింది, కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. ఊపిరి అందక గోడకి చేరగిలబడిపోయాడు.

పెద్దాస్పత్రిలో డాక్టరు చెప్పేది భార్యకి అర్థం కాదు. దుబాసీకి కట్టే స్తోమత ఎక్కడేడిసింది? మాస్టరే ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాల్సి వచ్చింది. రెండు కిడ్నీలూ పోయాయి. ఇక వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేయాలి, ఎన్నాళ్లు నెట్టుకొస్తాడో చెప్పలేం. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు ఇంకో ప్రశ్న అడిగాడు. మాస్టరు దాన్ని తెలుగులో చెప్పకుండా చిన్నోడి కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

మంచం మీంచి చిన్నోడే అందుకున్నాడు. "ఇంతకుముందు రక్తపరీక్ష చేయించావా అంటున్నాడక్కా. అప్పుడు తెలిసుంటే ఆపేవాళ్లమంటున్నాడు." మాస్టరు వైపు తిరిగాడు. "ఒకసారి ఇచ్చాను కదా బావా, నీ బదులు? అందులో ఏమీ తేలలేదా?"

భార్య అతని మొహంలోకి చూసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని మాస్టరుకి తెలుసు.

"అంతా బాగానే ఉందన్నార్రా," అన్నాడు.

"చూశారా?" అంటూ ఆవిడ భోరుమంది. "అప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు. ఆ ఇంట్లో కాలుపెట్టాకే వీడికిలా అయింది. అది మనకి అచ్చిరాలేదండీ. అమ్మిపారేద్దాం, నాకొద్దు ఆ పాపిష్టి ఇల్లు!"

"ఊరుకో అక్కా, ఇల్లేం చేసింది పాపం?" అన్నాడు చిన్నోడు. బావ కోసం పెంచిన మీసం వాడింకా తీయలేదు. "ముందు బావని కూర్చోబెట్టు. పొద్దున్నించీ ఏమీ తినలేదు, అసలే చక్కెర మనిషి."